పాత ఫెండర్ గిటారు కోసం ఎఫ్‌డీని కదిలించవచ్చా?

ప్రశ్న: నా వయసు 38. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాను. వాణిజ్య నౌకల్లో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన తన 1964 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌ను ఎనిమిది లక్షలకు, నగదుగా ఇస్తే, అమ్ముతానంటున్నారు. నాకు 11 లక్షల ఎఫ్‌డీ ఉంది. గృహరుణ వాయిదాతో కలిపి నెల ఖర్చు 77 వేలు. విలువ పెరిగితే పాప చదువుకు పనికొస్తుందని ఆశ. గిటారు లోపలి ఫొటో జతచేశాను.

జవాబు: మీరు పంపిన ఫొటోలో వాల్యూమ్ పొటెన్షియోమీటర్ (శబ్దం పెంచి తగ్గించే మీట కింది భాగం) వెనుక 304 6613 అని ముద్ర ఉంది. ఇందులో 304 తయారీ సంస్థ సంకేతం, 66 సంవత్సరం, 13 వారం. అంటే ఆ విడిభాగం 1966లో, ఆ ఏడాది పదమూడో వారంలో తయారైంది. కనుక ఈ గిటారు 1964 నాటిది కాకపోయి ఉండాలి, లేదా దాని లోపలి భాగాలను తర్వాత ఎవరో మార్చి ఉండాలి. ఫెండర్ సంస్థను అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ 1965 జనవరిలో కొన్నది; అంతకుముందు తయారైన గిటార్లకు పాతవి సేకరించేవారు ఎక్కువ ధర ఇస్తారు కాబట్టి, ఈ రెండేళ్ల తేడా చిన్నది కాదు. రంగు మళ్లీ వేయించినట్లు తేలితే, అదే గిటారుకు సగం ధర పలకడం కూడా మామూలే. పెద్దాయన అబద్ధమాడుతున్నారని నేను అనడం లేదు, ఆయనకు అమ్మినవారు చెప్పిన మాటనే ఆయన మీకు చెబుతూ ఉండవచ్చు. గిటారు మెడను విప్పి దాని మడమ (ఒంటికి బిగించే చివర) మీది తేదీని, పికప్‌లను (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు), లోపలి తీగల టంకపు అతుకులను, తెలిసిన గిటారు మరమ్మతుదారు చేత చూపించకుండా బయానా కూడా ఇవ్వవద్దు.

నగదు విషయంలో మాత్రం బేరం లేదు. ఒకే లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. బ్యాంకు ద్వారానే చెల్లించి, సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి, రేపు మీరు అమ్మేటప్పుడు అదే ఆధారం.

ఆరు నెలల ఖర్చు, అంటే 4 లక్షల 62 వేలు, ఎఫ్‌డీలో కదలకుండా ఉండాలి. ఎనిమిది లక్షలు తీస్తే మిగిలే మూడు లక్షలు నాలుగు నెలలకు కూడా చాలవు. అందువల్ల పరీక్షలో అన్నీ సరిగా ఉన్నా, మీ పరిమితి ఆరు లక్షలు.

పాప చదువును దీనికి ముడిపెట్టకండి. విలువ ఇరవై ఏళ్లలో పదింతలైతే అది ఏడాదికి సుమారు 12 శాతం వృద్ధి, అంతటి పెరుగుదలకు ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా ఫీజు కట్టాల్సిన జూన్‌లో కొనేవాడు దొరకాలి కదా! ఆ లక్ష్యానికి నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ల సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) సిప్, అంటే నెలకింత అని మదుపు, వేయండి. పన్ను లెక్కలో, వ్యక్తిగత వాడకానికి ఉంచుకున్న ఇలాంటి చరాస్తి మూలధన ఆస్తి (అమ్మితే వచ్చే లాభంపై పన్ను పడే ఆస్తి) కాదు, కానీ పెట్టుబడిగా కొన్నానని మీరే చెప్పుకుంటే ఆ వాదన బలహీనపడుతుంది. అమ్మేముందు చార్టర్డ్ అకౌంటెంటును అడగండి.

కొంటే వాయించడానికే కొనండి. మన సముద్రపు గాలికి బ్రిడ్జి (తీగలను ఆనించే లోహపు భాగం) మరలు, తీగలు త్వరగా తుప్పు పడతాయి, తేమకు కలప కదులుతుంది. ఏసీ గదిలో, గట్టి పెట్టెలో, సిలికా జెల్ సంచులతో ఉంచండి. గృహ బీమాలో దీని పేరు, విలువ విడిగా రాయించి, తుపాను, వరద నష్టం వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలోనే చూసుకోండి.