ఫ్యాక్టరీ తెరిపిస్తామంటున్నారు, అప్పటిదాకా బకాయిల కోసం ఆగాలా?

తమ్ముడూ, మీ బాపు పనిచేసే ఫ్యాక్టరీ గేటుకు తాళం పడి నెలలు గడుస్తున్నాయి, తెరిపిస్తామని సర్కారు అంటోంది, ఈలోగా అర్జీ పెడితే రేపు పనిలోకి తీసుకోరేమోనని భయంగా ఉంది అన్నావు. ఆగొద్దు. ఫ్యాక్టరీ తెరిపించడం వేరు, కార్మికుడికి రావాల్సిన పైసలు వేరు.

మన దగ్గరే చూడు. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోతే, జేకే పేపర్ చేతికి వెళ్లేసరికి 2018 వచ్చింది. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది, దాని స్థానంలో కొత్త ప్లాంటు 2021లో నడిచింది. కమలాపురంలో బిల్ట్ కంపెనీ గుజ్జు మిల్లులో 2014లో ఉత్పత్తి ఆగింది, ప్రభుత్వం రాయితీలు ప్రకటించినా మిల్లు నడవలేదు. రాయితీ జీవో కరెంటు, కలప, పన్నుల లెక్క చూస్తుంది. కార్మికుడి పాత జీతం సంగతి అందులో దానంతట అది చేరదు, యూనియన్ పట్టుబట్టి రాయించుకోవాలి.

ముందు గేటు మీద అంటించిన నోటీసు ఫోటో తీసి పెట్టుకోండి. అందులో లే-ఆఫ్ (పని లేదని తాత్కాలికంగా కూర్చోబెట్టడం) అని ఉందా, లాకౌట్ (గొడవల్లో యాజమాన్యమే గేటు మూయడం) అని ఉందా, మూసివేత (శాశ్వతంగా మూసేయడం) అని ఉందా అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడుతుంది. యాజమాన్యాలు చాలాసార్లు మూసేస్తున్నామని రాయవు. లే-ఆఫ్ అని రాసి ఏళ్లకేళ్లు వదిలేస్తాయి. నిజాం దక్కన్ షుగర్స్ బోధన్, ముత్యంపేట, మెదక్ యూనిట్లలో 2015 డిసెంబరులో పెట్టింది కూడా లే-ఆఫ్ నోటీసే. లే-ఆఫ్ అయితే బేసిక్, డీఏలో సగం అడగొచ్చు కానీ మూసివేత పరిహారం రాదు. నోటీసే లేకపోతే ఇంకా కష్టం, తేదీ అంటూ ఉండదు. అప్పుడు జీతం ఆగిన నెల, హాజరు ఆగిన రోజు రాసి కార్మిక శాఖ సహాయ కమిషనర్‌కు అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి అదే అర్జీ ఇంకో కాపీ ఇచ్చి రసీదు నంబరు దాచండి.

300 మంది, అంతకు మించి కార్మికులు ఉన్న ఫ్యాక్టరీ మూయాలంటే 90 రోజుల ముందు ప్రభుత్వ అనుమతి అడగాలి. 2025 నవంబరు 21న కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి రాకముందు ఈ హద్దు 100 మందే. ఇక్కడ అందరూ దెబ్బతినే చోటు ఒకటుంది: దరఖాస్తు మీద 60 రోజుల్లో ప్రభుత్వం ఏమీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. అందుకే ఆ 60 రోజుల్లోనే అభ్యంతరాలు రాతపూర్వకంగా వెళ్లాలి, ధర్నా ఒక్కటే సరిపోదు. అనుమతి లేకుండా మూస్తే అది చట్టవిరుద్ధం, మూయనట్టే లెక్కగట్టి జీతం అడగొచ్చు.

పైసల లెక్క ఇది. గ్రాట్యుటీకి చివరి బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. నెలకు 18,000 ఉండి 20 ఏళ్లు చేస్తే సుమారు 2,07,692 రూపాయలు. మూసివేత పరిహారం దీనికి అదనం, అది ఏడాదికి 15 రోజుల సగటు వేతనం. రెండూ కలిపి ఒకటే అంకె చూపిస్తే ఒప్పుకోవద్దు, విడివిడిగా రాయించండి.

ఈఎస్ఐ కార్డు ఉంటే రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అడగండి. మూసివేతతో పని పోయినవాళ్లకు మొదటి ఏడాది వేతనంలో సగం, రెండో ఏడాది పావు వంతు, ఇంటిల్లిపాదికీ వైద్యం. కనీసం రెండేళ్లు చందా కట్టి ఉండాలి, మూతపడినట్టు కాగితం ఉండాలి. లే-ఆఫ్ అన్న మాట ఇక్కడే కొంప ముంచుతుంది.

పీఎఫ్‌లో పని మానేసిన తేదీ యాజమాన్యం ఎక్కించకపోతే క్లెయిమ్ కదలదు. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మీరే ఎక్కించుకోవచ్చు. పాస్‌బుక్ నెలనెలా చూడండి. జీతంలో కోసి జమ చేయని నెలలుంటే వరంగల్ పీఎఫ్ ఆఫీసుకు జీతం చీటీలతో ఫిర్యాదు ఇవ్వండి. సర్వీసు పదేళ్లు దాటితే స్కీమ్ సర్టిఫికెట్ (పెన్షన్‌కు లెక్కయ్యే సర్వీసు చూపే పీఎఫ్ కాగితం) తీసుకోండి, 58 ఏళ్లకు పెన్షన్ దాంతోనే వస్తుంది.

కంపెనీ దివాలా కేసులో హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్) వెళ్తే లేబర్ కోర్టు కేసులు ఆగిపోతాయి. అప్పుడు రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు (దివాలా కేసులో కంపెనీ వ్యవహారం చూసే మనిషి) ఫారం డీ, అంటే కార్మికుల బకాయిల క్లెయిమ్ కాగితం, ఇవ్వాలి. ఆయన్ని నియమించిన రోజు నుంచి 14 రోజులే అసలు గడువు, ఆఖరి తేదీ పేపర్ ప్రకటనలో ఉంటుంది. లిక్విడేషన్ (కంపెనీ ఆస్తులు అమ్మి బాకీలు పంచడం) అయితే, ఆ ఆర్డరుకు వెనక 24 నెలల కార్మికుల బకాయిలకే తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమానమైన స్థానం. ఆర్డరు ఎంత లేటైతే మీ బాపు పాత జీతం అంత కిందికి జారుతుంది. పీఎఫ్ సొమ్ము మాత్రం ఆ పంపకంలో కలవదు.

కాంట్రాక్టు మీద చేసినవాళ్లు గేటు పాసు, హాజరు చీటీ, బ్యాంకులో జీతం పడిన ఎంట్రీ జాగ్రత్త చేసుకోవాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలి.

ఇంకొకటి, కొంత సొమ్ము చేతిలో పెట్టి ‘అన్నీ ముట్టినవి’ అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. ఆకలి మీదున్న మనిషి పెట్టేస్తాడు, తప్పు పట్టలేం. పెట్టక తప్పకపోతే సంతకం పక్కన ముట్టిన మొత్తం రాసి, ‘మిగతా బకాయిల హక్కు వదులుకోలేదు’ అని రాయించండి, ఆ కాగితాన్ని అక్కడే ఫోటో తీయండి.