రకూన్ బోనులో పెట్టవలసిన ఎర గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

క్లీవ్‌లాండ్ పక్కన కొత్త ఇంట్లో చేరారో లేదో రకూన్లు, అంటే కళ్ల చుట్టూ నల్ల మచ్చ, చారల తోక ఉండే ఆ రాత్రి జంతువులు, చెత్తడబ్బాలు పడదోస్తున్నాయనీ, మొక్కజొన్న పొత్తులు పాలు పట్టగానే విరిచి తినిపోతున్నాయనీ, బోను కొన్నావు గానీ అందులో ఏ ఎర పెట్టాలో తేల్చుకోలేకపోతున్నావనీ రాశావు. ఇదే ఒహాయో రాష్ట్రంలో చాలా ఏళ్లుగా పెరడు సాగుచేస్తూ, ఈ జంతువు చేతిలో పలుమార్లు ఓడిపోయినవాణ్ణి కనుక వివరంగానే చెబుతాను.

రకూన్ ఏం తింటుందని అడిగావు. చేపలు, గుడ్లు, పండ్లు, కుక్కల తిండి, పక్షుల కోసం వేలాడదీసిన గింజలు, అన్నీ తింటుంది. దాని ఇష్టాన్ని బట్టి ఎర ఎంచుకోవాలంటే ఏదైనా సరిపోతుంది. చూసుకోవలసింది రాత్రిపూట నీ పెరట్లో తిరిగే తక్కిన జంతువుల సంగతి. నేను మొదటిసారి ట్యూనా డబ్బా మూత తీసి బోనులో పెట్టాను. తెల్లవారి చూస్తే అందులో పొరుగువారి పిల్లి ఉంది. మర్నాడు అదే ఎరకు స్కంక్ పడింది, బెదిరితే కంపు ద్రవం చిమ్మే నల్ల తెల్ల చారల జంతువు. దాని దుర్గంధం మీద పడకుండా పాత దుప్పటి ఎదురుగా పట్టుకుని, మెల్లగా అడుగులు వేస్తూ బోనును కప్పి, తలుపు తెరిచేసరికి ప్రాణం మీదికి వచ్చింది. ఇళ్లకు దూరంగా వాగుల వెంట బోనులు పెట్టే వేటగాళ్లు సార్డీన్ చేపలు వాడతారు, వారికి అవి బాగానే పనిచేస్తాయి. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న మన వీధుల్లో చేప, మాంసం, పిల్లుల తిండి జోలికి వెళ్లవద్దు.

తీపి పెట్టు. పిల్లి నాలుకకు తీపి రుచి తెలియదు కనుక అది సాధారణంగా అటు రాదు. నేను ఎక్కువగా వాడేది మార్ష్‌మెలో అనే మెత్తటి చక్కెర మిఠాయి. తెల్లగా ఉండి చీకట్లో కనిపిస్తుంది, వర్షం లేకపోతే రాత్రంతా పాడవదు. అందులో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జెలటిన్ ఉంటుందని తెలిసి మీ అత్తయ్య ఆ పొట్లాన్ని వంటింట్లోకి రానివ్వలేదు, ఇప్పటికీ అది గరాజ్‌లోనే ఉంటుంది. ఒక్కటే లోపం, దానికి వాసన తక్కువ. మన ఊళ్లో ఎలుకల బోనుకు కొబ్బరిముక్కను ఊరికే గుచ్చకుండా నిప్పుల మీద కాల్చి గుచ్చేవారు, గుర్తుందా? ఇక్కడా అదే కిటుకు. మార్ష్‌మెలో మీద వెనీలా ఎసెన్స్ గానీ సోంపు నూనె గానీ రెండు మూడు చుక్కలు వేస్తే వాసన చాలా దూరం వ్యాపిస్తుంది. రేబిస్ రాకుండా ఈ రాష్ట్రంలో 1997 నుంచి రకూన్ల కోసం విమానాల మీద నుంచి జారవిడుస్తున్న టీకా ఎరల్లో కూడా ఒక రకానికి చేప వాసన ఉంటే, మరొక రకానికి వెనీలా తీపి ఉంటుంది. అటువంటి పొట్లం ఎప్పుడైనా పెరట్లో కనిపిస్తే ముట్టుకోవద్దు, పిల్లలను ముట్టుకోనివ్వవద్దు.

వేరుశనగ వెన్న కూడా మంచిదే గానీ, దానికి ఉడుతలు, ఒపోసమ్‌లు (పిల్లంత ఉండే, రాత్రిపూట తిరిగే సంచి జంతువులు) ఎగబడతాయి. వాడితే పగలు తిరిగే ఉడుతలైనా పడకుండా బోనును చీకటి పడ్డాకే తెరిచి, తెల్లవారగానే మూసెయ్యి. పుచ్చకాయ ముక్కకు, బెల్లం పాకానికి ఈ వేసవిలో చీమలు పట్టడం ఖాయం. తీపి పెట్టినా స్కంక్ అసలు పడదని మాత్రం హామీ ఇవ్వలేను, పడడం తగ్గుతుంది, అంతే.

ఎర ఎంత మంచిదైనా పెట్టిన చోటు తప్పితే వృథా. రకూన్ ముందుకాళ్లు మన చేతుల్లాంటివి, తడిమి తెలుసుకోవడంలో వాటికి సాటి లేదు. ఎరను ఇనుప వల పక్కన పెట్టావో, బయట కూర్చునే వేళ్లు దూర్చి లాగేసుకుంటుంది. అందుకే ఎరను తొక్కుడు పలకకు (కాలు పడగానే తలుపు మూసే పలకకు) అవతల, మూసి ఉన్న కొసన పెట్టి, ఆ భాగం చుట్టూ చెక్కలు అడ్డుపెట్టు. పది అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల ఎత్తు, ముప్ఫై రెండు అంగుళాల పొడవు ఉన్న బోను సరిపోతుంది. అది కదిలితే రకూన్ అనుమానిస్తుంది, లేదా బోర్లాదోసి ఎర తినిపోతుంది, కనుక పైన బరువైన ఇటుకలు పెట్టు. మొదటి రెండు మూడు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి, గుమ్మం నుంచి లోపలికి మార్ష్‌మెలోలు వరుసగా వేసి, దాన్ని ఊరికే తిననివ్వు. భయం పోయాక కట్టు విప్పు. ఆ రోజుల్లో చెత్తడబ్బా మూతకు తాడు బిగించి, పక్షుల గింజలు లోపల పెట్టుకోవాలి. బయట తేరగా తిండి దొరుకుతుంటే నీ ఎరను అది వాసన కూడా చూడదు. విషం కలపాలన్న ఆలోచన ఎవరు చెప్పినా వినకు, అది నేరం.

బోను పెట్టకముందే తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. ఒహాయోలో పట్టిన రకూన్‌ను కారులో తీసుకువెళ్లి ఏ అడవిలోనో వదలడం నిషిద్ధం. పట్టిన చోటే విడిచిపెట్టాలి, లేదా బాధ లేకుండా చంపించాలి. ఈ రెండింటిలో ఏది చేస్తావో ముందే నిర్ణయించుకుని, ఇలాంటి జంతువులను పట్టే లైసెన్సు ఉన్న మనిషి ఫోన్ నంబరు దగ్గర ఉంచుకో. వసంతంలో పుట్టిన పిల్లలు ఇప్పుడు తల్లి వెంట తిరుగుతుంటాయి కనుక, బోనులో తల్లి పడి పిల్లలు బయట కనిపిస్తే నీవు ఏమీ చేయకుండా ఆ మనిషినే పిలువు. రకూన్ మలం వేసిన చోట కంటికి కనిపించని పురుగు గుడ్లు ఉంటాయి, అవి మనుషులకు ప్రమాదకరం, కనుక చేతి తొడుగులు లేకుండా బోనును గానీ మిగిలిన ఎరను గానీ తాకవద్దు.

ఈ రాత్రి బోను అమర్చాక, కట్టు విప్పకముందే దాని ఫొటో ఒకటి పంపు. ఎర ఎక్కడ పెట్టావో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
నీ మేనమామ