గీజర్ అడుగు నుంచి నీళ్లు కారుతుంటే వెల్డింగ్ చేయించాలా, కొత్తది కొనాలా?

15 లీటర్ల గీజర్, కొని ఆరేళ్లు, వాడేది బోరు నీళ్లు, అడుగు నుంచి చుక్కలు. ఒక మెకానిక్ తొమ్మిది వందలకు వెల్డింగ్ చేస్తానన్నాడు, ఇంకొకాయన ట్యాంకు పోయింది, కొత్తది కొనుక్కోమన్నాడు. ఎవరి మాట వినాలని మీరు అడిగారు. లీకు నిజంగా ట్యాంకుదే అయితే వెల్డింగ్ వద్దేవద్దు. కానీ అది ట్యాంకు లీకేనని ఇంకా ఎవరూ తేల్చలేదు. ఇద్దరూ కింది కవరైనా విప్పకుండా చెప్పారని మీరే రాశారు కదా.

అన్నిటికంటే ముందు గీజర్ ఎంసీబీ (బోర్డులో దానికి కరెంటు ఆపే స్విచ్చు) దించేయండి. స్నానాల టైముకు ఆన్ చేసి తర్వాత ఆపేస్తున్నామని రాశారు, దయచేసి ఆ పని మానండి. గోడకు నిలువుగా బిగించే గీజర్లలో ఎలిమెంట్ కనెక్షన్లు, థర్మోస్టాట్ (నీళ్ల వేడిని అదుపు చేసేది) వైర్లు అడుగున ఉన్న ప్లాస్టిక్ కవర్ లోపలే ఉంటాయి. లీకు ఎక్కడ మొదలైనా నీళ్లు దిగి చేరేది కూడా అక్కడికే. తడి ఒంటితో ఆ కిందే నిలబడతాం. ఇంట్లో ఆర్సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉన్నా సరే, దాన్ని నమ్ముకుని ఈ పని చేయకూడదు. లీకు సంగతి తేలేదాకా నీళ్లు పొయ్యి మీద కాచుకోండి.

మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు. నల్లా నీళ్లు తాగడానికి, వంటకు సరిపోతాయి, మిగతా వాడకమంతా బోరు, ట్యాంకరు. బకెట్ల అంచులకు, కుళాయిలకు తెల్లగా సున్నం కట్టే నీళ్లు ఇవి. అలాంటి నీళ్లతో మా ఇంట్లో ఒక గీజరు, అదే ఏరియాలో ఉండే మా అన్నయ్య వాళ్లింట్లో ఒకటి లీకయ్యాయి. రెండూ అడుగు నుంచే కారాయి. కారణాలు మాత్రం వేరు.

మా గీజర్ కవర్ విప్పితే ఎలిమెంట్ బిగించిన ప్లేటు చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. కారే నీళ్లు శుభ్రంగా ఉన్నాయి, తుప్పు రంగు లేదు. ఆ ప్లేటుకీ ట్యాంకుకీ మధ్య ఒక రబ్బరు గ్యాస్కెట్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది గట్టిపడి, బయటికి తీసి వంచితే విరిగిపోయింది. కొత్త గ్యాస్కెట్ రెండొందల లోపే దొరికింది. ఎలాగూ ప్లేటు ఊడదీశారు కాబట్టి లోపల పేరుకున్న సున్నం గీకించి, యానోడ్ రాడ్ (ట్యాంకుకు తుప్పు పట్టకుండా లోపల ఉండే కడ్డీ) కూడా మార్పించాం. ఆ గీజర్ ఇప్పటికీ వాడుతున్నాం. ఇక్కడ కూడా అతుకు మాట వచ్చింది. పాత గ్యాస్కెట్‌కే సిలికాన్ పూసి బిగిస్తానన్నాడు మెకానిక్. మేం ఒప్పుకోలేదు. గట్టిపడిన రబ్బరు మళ్లీ మెత్తబడదు, రోజూ వేడెక్కి చల్లారే చోట పైపూత నిలవదు. రబ్బరుతో చేసింది ఏది పోయినా మార్చేయడమే. చవక కూడా.

అన్నయ్య వాళ్ల గీజర్‌లో కారిన నీళ్లు ఎర్రగా ఉన్నాయి. అది లోపల గాజుపూత ఉన్న ఇనుప ట్యాంకు. వెల్డర్ బయటి డబ్బా ఊడదీసి, చుట్టూ ఉన్న ఫోము కోసి, అతుకు పక్కనే ఉన్న సూదిమొన అంత రంధ్రాన్ని మూసేశాడు. తర్వాతి చలికాలం రాకముందే ఆ వెల్డింగ్ పక్క నుంచే మళ్లీ కారింది. వెల్డర్ పనితనంలో లోపమేం లేదు. ఆ గాజుపూతను ఫ్యాక్టరీలో 800 డిగ్రీలకు పైగా వేడి మీద ఇనుముకు పట్టిస్తారు. నీళ్లు ఇనుముకు తగలకుండా కాపాడేది ఆ పూతే. బయట నుంచి వెల్డింగ్ మంట తగలగానే లోపల ఆ చుట్టుపక్కల పూత పగిలి రాలిపోతుంది. అంటే సూదిమొన అంత రంధ్రం మూయడానికి రూపాయి బిళ్లంత మేర ఇనుమును నీళ్లకు వదిలేసినట్టే. పైగా తుప్పు లోపలి నుంచి మొదలై బయటికి వస్తుంది. మనకు రంధ్రం కనబడిందంటే లోపల దాని చుట్టూ రేకు అప్పటికే పలచబడి ఉంటుంది.

లీకులకు పూసే ముద్ద, ఎంసీల్‌దీ అంతే. తడి ఇనుము మీద అది సరిగ్గా పట్టదు, పట్టినా లోపలి తుప్పును ఆపలేదు. ఒత్తిడి సంగతి కూడా ఉంది. ఓవర్‌హెడ్ ట్యాంకు ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ సుమారు 1 బార్, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో బరువు చొప్పున తోస్తుంది. ఐదంతస్తుల బిల్డింగులో కింది ఫ్లోర్లో ఉండేవాళ్లకు అది ఒకటిన్నర బార్ దాటుతుంది. ప్రెజర్ పంపు ఉంటే ఇంకా ఎక్కువ. దీనికి తోడు నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 75కి చేరేసరికి మూడో వంతు లీటరు దాకా పెరుగుతాయి. గీజర్ ఆన్ చేసిన ప్రతిసారీ ట్యాంకు గోడల మీద ఈ భారం పడుతూనే ఉంటుంది, పై అతుకు తట్టుకోలేదు.

పాత రాగి ట్యాంకుల సంగతి వేరు. రాగిని చేయి తిరిగిన పనివాడు బ్రేజింగ్ చేస్తే, అంటే వేరే లోహాన్ని కరిగించి అతికితే, నిలుస్తుంది. స్టీలు ట్యాంకును ఆర్గాన్ వెల్డింగ్‌తో అతకొచ్చు, కానీ ఉప్పు ఎక్కువున్న నీళ్లు స్టీలును చుక్కలు చుక్కలుగా తినేస్తాయి. ఒకచోట రంధ్రం పడిందంటే పక్కన ఇంకొన్ని సిద్ధమవుతున్నట్టే. మీది బోరు నీళ్లు కాబట్టి స్టీలైనా నేను అతుకు పెట్టించను.

ఇందాక చెప్పినట్టు వేడికి వ్యాకోచించి పెరిగిన నీళ్లు ఎటో ఒకవైపు పోవాలి. చల్లనీళ్ల పైపు దగ్గర ఉండే సేఫ్టీ వాల్వు పని అదే. గీజర్ వేడెక్కేటప్పుడు మాత్రమే దాని నుంచి కొన్ని చుక్కలు పడి, తర్వాత ఆగిపోతే అది లీకు కాదు, వాల్వు తన పని తాను చేస్తోంది. చుక్కలు చిరాగ్గా ఉన్నాయని దానికి డమ్మీ ప్లగ్గు కొట్టించేవాళ్లున్నారు. ఎట్టి పరిస్థితుల్లోనూ అలా చేయించకండి. థర్మోస్టాట్ మొరాయించిన రోజు ఆవిరి పోవడానికి దారి లేక ట్యాంకే పేలిపోవచ్చు. గీజర్ ఆపి ఉన్నా వాల్వు కారుతూనే ఉంటే, దాన్ని అదే రకం కొత్త వాల్వుతో మార్పించండి.

మీ ఇంట్లో ఏది కారుతోందో తేల్చుకోవడం కష్టమేం కాదు. కరెంటు ఆపాక బయట కనబడే రెండు పైపుల నట్లు, వాల్వు పొడి గుడ్డతో తుడిచి, ఒక్కోదానికి న్యూస్‌పేపరు ముక్క చుట్టి ఓ గంట వదిలేయండి. ఏ కాగితం ముందు తడిస్తే లీకు అక్కడ. పైపు నట్టు దగ్గరైతే వాషరో కనెక్షన్ పైపో మారిస్తే సరి. కాగితాలన్నీ పొడిగా ఉండి కవర్ లోంచి చుక్కలు వస్తుంటే అప్పుడు మెకానిక్‌ని పిలిచి, మీ కళ్లముందే కవర్ విప్పించండి. ప్లేటు చుట్టూ తెల్లటి ఉప్పు, తేటనీళ్లు ఉంటే ఎక్కువగా గ్యాస్కెట్టే. ప్లేటు చుట్టూ పొడిగా ఉండి, ఫోములోంచి తుప్పు నీళ్లు వస్తుంటే ట్యాంకు పోయినట్టే. అప్పుడు కొత్త గ్యాస్కెట్ వేసి చూద్దామన్నా ఒప్పుకోకండి, డబ్బు దండగ.

కొత్తది కొనాల్సి వస్తే ఐఎస్‌ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 2082 నంబరు చూడండి. కింది ఫ్లోర్లలో ఉన్నా, ప్రెజర్ పంపు ఉన్నా 8 బార్ తట్టుకునేది తీసుకోండి. బోరు నీళ్లకు అసలు ముఖ్యం యానోడ్ రాడ్. అది మెగ్నీషియం కడ్డీ, ట్యాంకు ఇనుముకు బదులు తాను అరిగిపోతుంది. అది అరిగిపోయాక నీళ్లు ట్యాంకునే తినడం మొదలుపెడతాయి. మా దాన్ని తీసినప్పుడు లోపలి తీగ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు ప్రతి ఏడాదీ చలికాలానికి ముందు విప్పించి చూస్తున్నాం. థర్మోస్టాట్ 60 డిగ్రీలు దాటనివ్వడం లేదు, వేడి పెరిగేకొద్దీ సున్నం ఎక్కువ కడుతుంది కాబట్టి.

మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు మీ బిల్లు, వారంటీ కార్డు వెతకండి. గీజర్ మొత్తానికి రెండేళ్లే ఉన్నా, ట్యాంకుకు మాత్రం విడిగా 5 ఏళ్లో 7 ఏళ్లో వారంటీ ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. మీది ఏడేళ్లదైతే ఇంకా గడువు మిగిలే ఉంటుంది. అలాగైతే బయటి మెకానిక్‌ని గీజర్ మీద చేయి వేయనివ్వకుండా కంపెనీ సర్వీసుకే చెప్పండి. వెల్డింగ్ చేసిన ట్యాంకును వాళ్లు వారంటీలో తీసుకోరు.