పంగలాయ్ మొదలుపెడుతున్న అమ్మలుకు

అమ్మలూ,

ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో మెడిసిన్ చదువుకుంటూ కాలేజీ వేడుకకు పంగలాయ్ నాట్యం నేర్చుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. చిన్నప్పటి నుంచి కూచిపూడి ఆడిన ఒళ్లు కాబట్టి ఇట్టే పట్టేస్తాననుకోకు. ఆ విద్యే మొదట్లో అడ్డొస్తుంది. ఎక్కడెక్కడ అడ్డొస్తుందో చెబుతాను.

పంగలాయ్ దక్షిణ ఫిలిప్పీన్స్‌లోని సులు, తావితావి దీవుల్లో తౌసుగ్ అనే జాతివాళ్లు పెళ్లిళ్లలో, పండగల్లో ఆడే నాట్యం. అక్కడి సమా జనం తమ ఆటను ఇగల్ అంటారు. సముద్రం దాటితే మలేసియాలోని సబాలో ఉండే బజావు జనం ఆటదీ ఇదే కుటుంబం. వేళ్లకు లోహపు గోళ్లు తొడగడం ఉత్తర థాయ్‌లాండ్ ఫోన్ లెప్‌లోనూ ఉంది. వెనక్కి వంగే వేళ్లు జావా, బాలి, కంబోడియా నాట్యాల్లోనూ కనిపిస్తాయి. అందుకే చూడగానే మనదే అనిపిస్తుంది. కానీ మన కొలతలు దీనికి సరిపోవు.

ముందు మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే అరమండి మానెయ్. పాదాలు పక్కలకు తిప్పకుండా దగ్గరగా పెట్టి, మోకాళ్లు కొంచెం సడలించి నిలబడు. బరువంతా ఒక కాలి మీద ఉంచి, రెండో పాదాన్ని నేల మీదే కొద్దికొద్దిగా జరుపు. పాదంతో నేలను కొట్టే తట్టు లేదు, గజ్జెలు లేవు. అడుగు చప్పుడైతే తప్పు పడ్డట్టే. మోకాలు బిగిస్తే పైన చేతుల కదలిక కూడా ముక్కలవుతుంది.

అసలు పనంతా చేతులదే. పతాక హస్తంలో బొటనవేలు మడిచి పక్కకు ఆనిస్తాం కదా, ఇక్కడ అది నాలుగు వేళ్లకూ దూరంగా, బిగువుగా నిలబడాలి. మన పిల్లలందరికీ తెలియకుండానే మడత పడిపోయేది ఈ వేలే. నాలుగు వేళ్లూ దగ్గరగా, వెనక్కి వంగి ఉండాలి. చేయి లేపేటప్పుడు మోచేయి, తర్వాత మణికట్టు, చివర్లో వేళ్లు. అన్నీ ఒకేసారి లేస్తే హస్తం పట్టినట్టు ఉంటుంది తప్ప అలలా ఉండదు. లేపుతూ ఊపిరి తీసుకో, దించుతూ వదులు. ఎనిమిది నిదానపు లెక్కల్లో పైకి, ఎనిమిదిలో కిందికి, రోజూ పది నిమిషాలు అద్దం ముందు ఇదొక్కటే చెయ్. భుజాలు చెవుల వైపు లేస్తున్నాయంటే ఊపిరి బిగబట్టావన్నమాట.

చేయి ఎటో చూపు అటు అని మనకు నేర్పారు. దాన్నీ పక్కన పెట్టు. చూపు కిందికి వాలి, ముఖం ప్రశాంతంగా ఉండాలి. మెడను పక్కలకు ఆడించే అట్టమి వద్దు, కథ చెప్పే అభినయం అంతకన్నా వద్దు.

సంగీతం దగ్గర నీకు ఇంకా కష్టమవుతుంది. కులింతంగన్ గంటలు, గబ్బంగ్ వెదురు పలకలు వేగంగా మోగుతుంటే ఒళ్లు నిదానంగానే కదలాలి. జతి వినబడగానే కాలు దానంతటదే వేగం అందుకుంటుంది. అందుకని మొదటి వారం సంగీతం లేకుండా చెయ్, తర్వాత తక్కువ శబ్దంతో పెట్టుకో.

వేళ్లకు తొడిగే లోహపు గోళ్లను జంగాయ్ అంటారు. అవి చివర్లోనే తొడుక్కో. అంతదాకా కాగితాన్ని సన్నగా చుట్టి వేళ్లకు పెట్టుకుంటే మణికట్టు ఎక్కడ వణుకుతోందో కొసల్లో తెలిసిపోతుంది. లోహం చెమటకు జారి జనంలోకి ఎగురుతుంది, కాబట్టి వేలికి ఒక చుట్టు మైక్రోపోర్ టేపు వేసి తొడుగు. గుంపులో పక్కమనిషికి రెండు చేతుల దూరం వదలండి, తిరిగేటప్పుడు గోరు మొహానికి తగలొచ్చు.

దుస్తుల విషయంలో మాత్రం రాజీపడకు. వేదికల మీద దీన్నీ సింగ్కిల్ అనే ఇంకో నాట్యాన్నీ కలిపేస్తుంటారు. సింగ్కిల్ లనావ్ సరస్సు వైపు ఉండే మరనావ్ జాతివాళ్లది. అడ్డంగా ఆడించే వెదురు కర్రలు, విసనకర్రలు, గొడుగు దానివి. మీకు కావాల్సింది తౌసుగ్‌ల బియతావి రవిక, సవ్వాల్ అనే వదులు పైజామా. ఒక జాతి ఆటకు ఇంకో జాతి బట్ట కట్టి అంతా ఒకటే అనడం వాళ్లను చిన్నబుచ్చడమే. మీ ఊళ్లోనే తౌసుగ్ కుటుంబాలున్నాయి, ఆగస్టులో కదయావన్ పండగలో వాళ్లు ఆడతారు కూడా. వాళ్లలో ఒక పెద్దావిడను అడిగి ఒక్కసారైనా చూపించుకుని సరిదిద్దించుకో. కుదరకపోతే లిగయా ఫెర్నాండో అమిల్‌బాంగ్సా శిష్యుల వీడియోలు చూడు. ఈ నాట్యాన్ని భద్రపరిచినందుకే ఆవిడకు 2015లో మెగసెసె పురస్కారం ఇచ్చారు. చూసేటప్పుడు వేళ్లను కాదు, ముందు మోకాళ్లను చూడు.

నీ పెద్దమ్మ