రబ్బరుపై ప్లాస్మా పూత: దీన్ని నమ్ముకుని పీజీ చేయొచ్చా?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. లీకు కాకుండా ఆపే రబ్బరు సీళ్లు నున్నగా జారేలా, నీళ్లు అంటకుండా ప్లాస్మాతో (విద్యుత్తుతో అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువుతో) వేసే పూతల గురించి చదివాక ఆసక్తి కలిగింది. మరీ చిన్న రంగమేమో అని టెన్షన్‌గా ఉంది. ఫిజిక్స్ కూడా అంతగా రాదు.

జవాబు: ఆ ఒక్క పూతనే నమ్ముకుంటే చిన్న రంగమే. దాని వెనకున్న వాక్యూమ్ పని, ఉపరితలాల పరీక్ష నేర్చుకుంటే మాత్రం సిరంజి ప్లంజర్లు, కెథెటర్లు, కార్ల వైపర్లు, ఎలక్ట్రానిక్స్ అన్నీ మీ దారిలోకి వస్తాయి.

అసలు ప్లాస్మా ఎందుకు? జారే పూత అనగానే గుర్తొచ్చే టెఫ్లాన్ సుమారు 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఆ వేడికి చాలా రబ్బర్లు పాడైపోతాయి. తక్కువ పీడనంలో పుట్టే చల్లని ప్లాస్మాలో ఎలక్ట్రాన్లే బాగా వేడిగా ఉంటాయి, వాయువు గది వేడికి దగ్గర్లోనే ఉంటుంది. హెక్సామిథైల్‌డైసిలోక్సేన్ (సిలికాన్, ఆక్సిజన్ ఉన్న సిలోక్సేన్ రకం ద్రవం) లాంటి వాటి ఆవిరిని అందులోకి పంపితే అణువులు విరిగి, రబ్బరు మీద పలచని పొరగా పేరుకుంటాయి.

వినడానికి తేలికే. తిప్పలన్నీ ఆ తర్వాతే. రబ్బరు సాగుతుంది, గట్టి పూత సాగదు, పగుళ్లిస్తుంది. సిలికోన్ రబ్బరైతే లోపలి చిన్న గొలుసు అణువులు పైకి చేరి పూత అంటుకోకుండా చేస్తాయి. పైగా జారడం, నీటిని తరమడం ఒకటి కాదు. నీటిబొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణం (కాంటాక్ట్ యాంగిల్) ఎంత పెద్దదైతే నీటిని అంత బాగా తరిమినట్టు; నున్నటి ఉపరితలం మీద అది దాదాపు 120 డిగ్రీలు దాటదు. 150 కావాలంటే సన్నటి గరుకుదనం ఉండాలి, రాపిడికి ముందు అరిగేది ఆ గరుకే! ఈ రెండు గుణాలనూ ఒకే పూతలో నిలబెట్టగలవాళ్లకే ఈ రంగంలో విలువ. బొట్టు గుండ్రంగా నిలిచిన ఫొటో అందరూ చూపిస్తారు.

కాబట్టి పాలిమర్ సైన్స్ గానీ మెటీరియల్స్ సైన్స్ గానీ ఎంచుకోండి. కోర్సు పేరులో 'నానో' ఉందని మురిసిపోకండి. ల్యాబ్‌లో ప్లాస్మా ఛాంబర్, కాంటాక్ట్ యాంగిల్ పరికరం, ఘర్షణ కొలిచే ట్రైబోమీటర్ ఉన్నాయా, విద్యార్థుల చేతికిస్తారా అని సీనియర్లను అడగండి. చాలాచోట్ల తాళం వేసే ఉంటాయి. టెఫ్లాన్ లాంటి ఫ్లోరిన్ రసాయనాలపై పలు దేశాల్లో ఆంక్షలు బిగుస్తున్నాయి, అందుకే ప్రాజెక్టుకు సిలోక్సేన్ పూతలో, వజ్రంలాంటి కార్బన్ పూతలో తీసుకుంటే మంచిది. పూత వేసిన రోజు ఒకసారి, నెల తర్వాత ఒకసారి కోణం కొలవండి. రబ్బరును సాగదీసి మైక్రోస్కోప్ కింద పగుళ్లు చూడండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మార్కుల కంటే ఇదే పనికొస్తుంది.

ఫిజిక్స్ గురించి బెంగ వద్దు. పీడనం, వాయు ప్రవాహం, 13.56 మెగాహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీ పవర్ ప్లాస్మాకు సరిగా అందుతోందా లేదా అన్నవి యంత్రం దగ్గర నిలబడితే వస్తాయి. ప్లాస్మా సమీకరణాల లోతు పీహెచ్‌డీ ఆలోచన ఉంటేనే.