లీజు పత్రంలో ‘షల్’ ఉన్నా ‘మే’ ఉన్నా ఒకటేనా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర పల్లె. రోడ్డు పక్కన ఆరెకరాల శనక్కాయ చేను ఉంది. ఒక సోలార్ కంపెనీ 28 ఏళ్లకు లీజుకు అడుగుతోంది. ఎకరాకు ఏడాదికి 30,000 రూపాయలు ఇస్తామని, రెండేళ్లకోసారి 5 శాతం పెంచుతామని, గడువు తీరినాక స్తంభాలు, కాంక్రీటు తీసేసి నేల అప్పగిస్తామని వాళ్ల మనిషి చెప్పినాడు. ఇంగ్లిష్ పత్రంలో చూస్తే పెంపు దగ్గరా, తొలగింపు దగ్గరా ‘మే’ అని ఉంది. రెన్యూవల్ దగ్గర, మేం చేయాల్సిన పనుల దగ్గర మాత్రం ‘షల్’ ఉంది. అడిగితే రెండూ ఒకటే అంటున్నారు. డిగ్రీ చదివే మా అబ్బాయేమో ‘ఐ’, ‘వి’ పక్కనే ‘షల్’ రావాలి, కంపెనీ పేరు పక్కన ‘విల్’ రావాలి, పత్రమే తప్పు అంటున్నాడు. వాడు కంపెనీకి రాసిన ఉత్తరం కూడా పంపుతున్నాను. ఇంకా సంతకం పెట్టలేదు. ఏం చేయమంటారు?

జవాబు: సంతకానికి ముందే అడిగారు కాబట్టి ఇప్పుడు చెప్పేదంతా మీకు పనికొస్తుంది. రెండూ ఒకటి కావు. పత్రంలో లెస్సీ అంటే లీజుకు తీసుకునే కంపెనీ, లెస్సర్ అంటే లీజుకు ఇచ్చే మీరు. ‘లెస్సీ షల్ పే’ అంటే కంపెనీ కట్టి తీరాలి, కట్టకపోతే మీరు దావా వేయొచ్చు. ‘లెస్సీ మే పే’ అంటే కట్టే వెసులుబాటు ఉంది, కట్టకపోయినా తప్పు పట్టలేరు. రెండూ ఒకటే అన్న మనిషిని ఒక్క మాట అడగండి: అలాగైతే ‘మే’ ఉన్నచోటల్లా ‘షల్’ అని మార్చడానికి అభ్యంతరమేంటి?

మీ అబ్బాయి చెప్పిన సూత్రం పాత బ్రిటిష్ వ్యాకరణంలో ఉన్నదే. కానీ అది సగమే. జరగబోయేది ఊరికే చెప్పేటప్పుడు ‘ఐ షల్’, ‘హి విల్’ అనేవారు. ఆజ్ఞ, బాధ్యత, మాట ఇవ్వడం అయితే తిరగబడి ‘హి షల్’ అవుతుంది. ఒప్పందాల్లో ‘లెస్సీ షల్’ అని రాసేది ఈ రెండో సగం ప్రకారమే. పత్రం వ్యాకరణం సరిగానే ఉంది, అది ఎవరివైపు మొగ్గిందన్నదే మీరు చూసుకోవాల్సింది.

‘షల్’ కనపడినచోటల్లా దాన్ని తీసేసి ‘హ్యాజ్ ఎ డ్యూటీ టు’ అని పెట్టి చదవండి. వాక్యం కుదిరితే అది నిజమైన బాధ్యత. ‘లెస్సీ షల్ హ్యావ్ ది రైట్’ లాంటి చోట కుదరదు, ఎందుకంటే హక్కు కలిగి ఉండటం బాధ్యత కాదు. ‘రెంట్ షల్ బి పెయిడ్’ అని ఉంటే ఎవరు కట్టాలో తేలదు. అందుకే ప్రతి ‘షల్’ ముందూ లెస్సర్ అనో లెస్సీ అనో కర్త ఉండేట్టు రాయించండి.

‘మే నాట్’తో ఇంకాస్త జాగ్రత్త. ‘లెస్సీ మే నాట్ డిగ్ ఎ బోర్‌వెల్’ అంటే బోరు వేయకూడదనీ చదవొచ్చు, వేయకపోవచ్చులే అనీ చదవొచ్చు. నిషేధమైతే ‘షల్ నాట్’ అనే ఉండాలి. ‘మస్ట్’ ఎక్కువగా షరతుకు వాడతారు: రెన్యూవల్ కావాలంటే ఆరు నెలల ముందు నోటీసు ‘మస్ట్’ ఇవ్వాలి అన్నట్టు. ‘షుడ్’ సలహా స్థాయిది, కానీ వాక్యం మొదట్లో ‘షుడ్ ది లెస్సీ ఫెయిల్’ అని వస్తే ‘ఒకవేళ విఫలమైతే’ అని అర్థం. ‘క్యాన్’కు లీజు పత్రంలో పెద్దగా పని లేదు. ‘విల్’ కూడా బాధ్యతే అని వాదించవచ్చు. కానీ ఒకే పత్రంలో సగం ‘షల్’, సగం ‘విల్’ ఉంటే, తేడా కావాలనే పెట్టారని రేపు అవతలి వకీలు అంటాడు. ఏదో ఒకటే వాడించండి.

ఇక మీ పత్రం. గుత్త పెంపు దగ్గర ‘మే బి ఎన్‌హాన్స్‌డ్ బై మ్యూచువల్ కన్సెంట్’ అని ఉంది. కంపెనీ ఒప్పుకోకపోతే పెంపు లేదనే దాని అర్థం. ఆ స్థానంలో ‘ది లెస్సీ షల్ పే రెంట్ ఎన్‌హాన్స్‌డ్ బై ఫైవ్ పర్సెంట్ ఓవర్ ది రెంట్ లాస్ట్ పేయబుల్, ఆఫ్టర్ ఎవ్రీ టూ ఇయర్స్’ అని రాయమనండి. ‘లాస్ట్ పేయబుల్’ అన్న మాట, అంటే అప్పటికి పెరిగిన గుత్త మీదే మళ్లీ పెంపు అన్నది, పోనివ్వకండి. అది ఉంటే చివరి రెండేళ్లలో ఎకరాకు సుమారు 56,570 వస్తుంది. మొదటి గుత్త మీదే 5 శాతం లెక్కేస్తే 49,500 దగ్గర ఆగుతుంది. ఇప్పుడున్న ‘మే’తో 28 ఏళ్లూ 30,000 మీదే కూర్చోబెట్టినా మీరు అడగలేరు. పెంపు ఎంతో చెప్పకుండా ‘షల్ బి యాజ్ మే బి అగ్రీడ్’ అని మారుస్తామన్నా ఒప్పుకోవద్దు. అంకె తేలని ఒప్పందం కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ కింద చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది.

నోటిమాటను తర్వాత సాక్ష్యంగా పెట్టుకుందామంటే దారి ఇరుకు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 95వ సెక్షన్ ప్రకారం, షరతులు పత్రంలో రాసుకున్నాక వాటిని మార్చే, వాటికి విరుద్ధమైన నోటి ఒప్పందాన్ని కోర్టు వినదు. పాత ఎవిడెన్స్ చట్టంలో ఇదే 92వ సెక్షన్. మోసం జరిగిందని చూపిస్తే మినహాయింపు ఉంది, కానీ నిరూపించే భారం మీ మీదే పడుతుంది.

తొలగింపు దగ్గరే మీకు అసలు దెబ్బ. ‘లెస్సీ మే రిమూవ్ ది స్ట్రక్చర్స్’ అన్నది నిజానికి కంపెనీకి ఇచ్చిన హక్కు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ (హెచ్) క్లాజు ఆ హక్కును ఎలాగూ ఇస్తోంది. విలువైన ప్యానెళ్లు, తీగలు తీసుకెళ్లి, భూమిలో దిగిన కాంక్రీటు దిమ్మెలు మీకు వదిలేస్తే, అక్కడ మళ్లీ మడక దిగాలంటే ఖర్చు మీదే. ఆ చట్టం నేలను తీసుకున్న స్థితిలో అప్పగించమంటుంది గానీ, ఎంత లోతు, ఎన్నాళ్లలో, చేయకపోతే ఎంత అన్నది చెప్పదు. కాబట్టి ‘షల్ రిమూవ్’ అని మార్చి, 90 రోజుల గడువు, నేలమట్టానికి కనీసం 3 అడుగుల లోతు దాకా పునాదులు పెకలించడం, ఆలస్యమైనన్ని రోజులూ గుత్త కట్టడం చేర్పించండి. రోజుకు ఇంత అని నష్టపరిహారం రాసుకుంటే నమ్మదగిన అంకె వేయండి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు న్యాయమైనంత మేరకే ఇప్పిస్తుంది, రాసిన అంకె దానికి పై హద్దు మాత్రమే.

ఒకచోట ‘మే’ కొట్టేయించినంత మాత్రాన సరిపోదు. ‘లెస్సీ మే అసైన్, సబ్‌లెట్ ఆర్ మార్ట్‌గేజ్’ (లీజును ఇంకొకరికి బదిలీ చేయొచ్చు, తిరిగి లీజుకివ్వొచ్చు, తాకట్టు పెట్టొచ్చు) అన్న వాక్యం తీయించి ఊరుకుంటే, ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ (జె) క్లాజు అదే హక్కును కంపెనీకి ఇస్తుంది, వేరే ఒప్పందం లేకపోతే. అందుకే ‘లెస్సీ షల్ నాట్ అసైన్, సబ్‌లెట్ ఆర్ మార్ట్‌గేజ్ వితౌట్ ప్రయర్ రిటెన్ కన్సెంట్ ఆఫ్ ది లెస్సర్’ అని కొత్తగా రాయించాలి. బ్యాంకు అప్పు కోసం లీజు హక్కు తాకట్టు పెట్టుకోవాలని కంపెనీ పట్టుబడుతుంది. అంత వరకు ఒప్పుకోవచ్చు, భూమి మీద మీ హక్కు తాకట్టులోకి రాదని ‘షల్ నాట్’తో రాస్తేనే.

అన్నిచోట్లా ‘మే’ మీకు చెడ్డదే అనుకోకండి. రెన్యూవల్ దగ్గర ‘షల్ బి రెన్యూడ్ ఎట్ ది ఆప్షన్ ఆఫ్ ది లెస్సీ’ అని ఉంది, అంటే కంపెనీ కోరితే లీజు పొడిగించి తీరాలి. ఈ ‘షల్’ కట్టిపడేసేది మిమ్మల్ని, అంటే మీ పిల్లల్ని. ఇక్కడ ‘మే బి రెన్యూడ్ బై రిటెన్ కన్సెంట్ ఆఫ్ బోత్ పార్టీస్’ అని ఉండాలి. అలాగే వరుసగా రెండు వాయిదాలు తప్పితే ‘లెస్సర్ మే రీఎంటర్’ (మీరు భూమిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు) అన్న వాక్యం ఇప్పటి పత్రంలో అసలే లేదు. అది లేకుండా గుత్త ఎగ్గొట్టినా దాన్ని కారణంగా చూపి లీజు రద్దు చేయడం కుదరదు, ఆస్తి బదిలీ చట్టం 111వ సెక్షన్ (జి) క్లాజుకు ఆ షరతు పత్రంలోనే ఉండాలి. రాతపూర్వక నోటీసూ ఇవ్వాలి. బకాయి, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే అదే చట్టం 114వ సెక్షన్ కింద కోర్టు కంపెనీకి మరో అవకాశం ఇవ్వొచ్చన్నదీ తెలిసి ఉండండి.

తగాదాలు ‘మే బి రిఫర్డ్ టు ఆర్బిట్రేషన్’ అని ఉంది, అంటే కోర్టుకు బదులు మధ్యవర్తి తీర్పుకు పంపొచ్చు అని. ఇలాంటి ‘మే’ ఆర్బిట్రేషన్ ఒప్పందం కాదని, మళ్లీ ఇద్దరూ ఒప్పుకుంటేనే కుదురుతుందని సుప్రీంకోర్టు 2000లో వెల్లింగ్టన్ అసోసియేట్స్ కేసులో, తిరిగి 2025లో ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కేసులో చెప్పింది. మీకు ఇది నష్టం కాదు, అనంతపురం సివిల్ కోర్టు దారి తెరిచే ఉంటుంది. దీన్ని ‘షల్’గా మారుస్తామని కంపెనీ అంటే మాత్రం ఆర్బిట్రేషన్ స్థలం అనంతపురం అని రాయమనండి. లేకపోతే ప్రతి వాయిదాకూ ముంబైకో ఢిల్లీకో తిరగాలి.

‘మే’ను కోర్టులు ‘షల్’గా చదువుతాయని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మి సంతకం పెట్టకండి. అధికారికి చట్టం ఇచ్చిన అధికారాల విషయంలో అలా చదివిన సందర్భాలున్నాయి. తలకిందులుగా, రాజ్యాంగం 320వ అధికరణలోని ‘షల్’ తప్పనిసరి కాదని 1957లో మన్‌బోధన్ లాల్ కేసులో సుప్రీంకోర్టు అంది కూడా. ఇద్దరు ప్రైవేటు పార్టీల లీజులో ఆ వాదన మీద ఆరెకరాలు పందెం కాయలేం.

మీ అబ్బాయి ఉత్తరం పంపకముందే దిద్దండి. ‘మస్ట్ టు ఇంక్రీజ్’ తప్పు, ఈ క్రియల తర్వాత ‘టు’ రాదు. ‘షల్ పేస్’ కూడా తప్పే, ‘షల్ పే’ అనాలి. ‘క్యాన్ ఏబుల్ టు’ అనకూడదు, ‘క్యాన్’ అంటే చాలు. ఇవి చదివేవాళ్లు నవ్వుకునే తప్పులు. ప్రమాదం ఇంకోచోట ఉంది: ‘వి విల్ గివ్ ది ల్యాండ్’ అని రాశాడు. అది ఒప్పుకున్నట్టే చదవొచ్చు. ‘వి మే కన్సిడర్ ది లీజ్ ఓన్లీ ఇఫ్’ అని మొదలుపెట్టి సవరణలు ఒక్కొక్కటిగా రాయమనండి. ఇద్దరూ సంతకం చేసిన పత్రం రిజిస్టరయ్యేవరకు ఏ ఒప్పందమూ లేదని కింద ఒక వాక్యం చేర్చాలి.

సవరణలు ఒప్పుకుంటే పెన్నుతో దిద్దిన కాగితం కాకుండా మళ్లీ టైపు చేసిన పత్రమే అడగండి. కొట్టివేతలు, ఖాళీలు, వరుసల మధ్య రాతలు ఉంటే, వాటి పక్కన సంతకాలు లేకపోతే, రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ కింద సబ్ రిజిస్ట్రార్ పత్రాన్ని తిప్పి పంపొచ్చు. ఆ సెక్షన్‌లో ఉన్నదీ ‘మే’నే, ఆయన ఇష్టం. షరతులు మీకు మేలా కీడా అన్నది మాత్రం ఆ ఆఫీసు చూడదు. 28 ఏళ్ల లీజు రిజిస్టర్ కాక తప్పదు, మీరూ కంపెనీ తరఫు అధికారీ ఇద్దరూ సంతకం చేయాలి. సంతకమైన తేదీ నుంచి నాలుగు నెలల్లోపు దాఖలు చేయాలి. తెలుగు అనువాదం అడిగి తీసుకుని, రెండింటికీ తేడా వస్తే ఏది చెల్లుతుందో ఇంగ్లిష్ పత్రంలోనే ‘షల్ ప్రివెయిల్’ అని రాయించండి. పాత ముసాయిదా పేజీలేవీ కొత్తదాంట్లో కలవకుండా ప్రతి పేజీ కిందా సంతకం పెట్టే ముందు, పెంపు, తొలగింపు, రెన్యూవల్ క్లాజులు మరోసారి చదివించుకోండి.