‘సాహితి’ అసలు మాటేనా?

సందేహం: మా మనవరాలికి ‘సాహితి’ అని పేరు పెట్టుకున్నాం. బారసాలకు వచ్చిన ఒక పెద్దాయన, “సాహిత్యం అనే మాట ఉంది గానీ సాహితి ఏమిటి? ఫ్యాషన్ కోసం కుదించిన పేరు, తప్పు” అన్నారు. అప్పటినుంచి మా కోడలికి టెన్షన్ పట్టుకుంది. ఇంటర్నెట్‌లో చూస్తే ‘సాహితి అంటే సరస్వతి’ అని ఉంది. ఏది నిజం? చివర దీర్ఘం రాయాలా? (ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, ముందుగా మీ కోడలిని స్థిమితంగా ఉండమనండి. సాహితి కుదించిన మాట కాదు. మధుర శబ్దం నుంచి మాధుర్యం, మాధురి రెండూ వచ్చాయి. చతుర నుంచి చాతుర్యం, చాతురి. సమగ్ర నుంచి సామగ్ర్యం, సామగ్రి. (ఈ సామగ్రిని ‘సామాగ్రి’ అని రాయడం ఎప్పటికి మానుతారో! పెళ్లి సామాగ్రి, పూజా సామాగ్రి అని ఎక్కడ చూసినా అదే తప్పు.) సహిత నుంచి సాహిత్యం, సాహితి కూడా అదే వరుసలో వచ్చాయి. మాధుర్యం, సాహిత్యం లాంటి మాటల చివర ‘య’గా కనిపించే దాన్ని సంస్కృత వ్యాకరణంలో ష్యఞ్ ప్రత్యయం అంటారు. దాని మీద స్త్రీలింగపు ఈకారం చేరితే నడుమనున్న యకారం లోపిస్తుంది. ‘హలస్తద్ధితస్య’ అన్న పాణిని సూత్రం చేసే పని ఇదే.

అయితే ఆ పెద్దాయన మాటను పూర్తిగా కొట్టేయలేను. ఈ ఈకారం ‘బహులం’గా వస్తుందని ఆలంకారికుడైన (అంటే కావ్యశాస్త్రం రాసిన) వామనుడు అన్నాడు. బహులమంటే ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు. అది ఎక్కడ వస్తుందో తేల్చేది కవుల ప్రయోగం. సంస్కృతంలో సాహిత్య శబ్దానికున్నంత ప్రయోగబలం సాహితికి లేదు. తెలుగువాళ్లకు మాత్రం ఆ కొరత లేదు. కృష్ణదేవరాయలను మనం ‘సాహితీసమరాంగణ సార్వభౌముడు’ అనే పిలుచుకుంటున్నాం. తల్లావఝుల శివశంకరశాస్త్రిగారు నడిపిన సంస్థ పేరు ‘సాహితీ సమితి’. పద్యం రాసేవారికి ఇందులో ఇంకో సుఖం ఉంది: సాహిత్య తగణం, సాహితీ రగణం, సాహితి భగణం. మూడూ ఇంద్రగణాలే. సీసంలో ఇంద్రగణం పడేచోట ఎక్కడ కావాలంటే అక్కడ ఇముడుతాయి!

ఇక అర్థం. సహితమంటే కూడి ఉన్నది. ఏది దేనితో కూడింది? ‘శబ్దార్థౌ సహితౌ కావ్యమ్’ అన్నాడు భామహుడనే పాత ఆలంకారికుడు. మాట, అర్థం కలిసి ఉంటే కావ్యమట. తర్వాతి ఆలంకారికుడు కుంతకుడు ఇంకొంచెం లోతుకు వెళ్లాడు. ఆ రెండింటిలో ఒకటి ఎక్కువా కాకుండా, ఒకటి తక్కువా కాకుండా, పోటీపడి శోభించే స్థితినే ఆయన సాహిత్యం అన్నాడు. అర్థం తెలియని పేర్లను చెవికి ఇంపుగా ఉన్నాయని పిల్లలకు తగిలిస్తున్న ఈ రోజుల్లో, మాటకూ అర్థానికీ పొత్తు కుదరడమే అర్థంగా గల పేరును మీరు ఎంచుకున్నారు. అందుకు మిమ్మల్ని మెచ్చుకుంటున్నాను.

‘సాహితి అంటే సరస్వతి’ అన్న మాటను మాత్రం ఒప్పుకోను. ఆ పేర్ల జాబితాలు తయారుచేసేవారు ఏ ఆడపిల్ల పేరుకైనా సరస్వతి అనో లక్ష్మి అనో రాసి చేతులు దులుపుకుంటారు. సాహిత్యాన్ని స్త్రీగా ఊహించిన కథ మన అలంకారశాస్త్రంలోనే ఉంది. దాన్ని చెప్పినవాడు రాజశేఖరుడు, తన ‘కావ్యమీమాంస’లో. వెయ్యేళ్లు దాటిన గ్రంథమది. సరస్వతికి కావ్యపురుషుడనే కొడుకు పుట్టాడు. తల్లి బ్రహ్మసభకు పోతూ తనను వెంట తీసుకుపోలేదని అలిగి ఇల్లు విడిచిపోయాడు. స్నేహితుడు వెళ్లిపోయాడని కుమారస్వామి ఏడుపు. అప్పుడు గౌరి ఆలోచించింది: ప్రేమను మించిన కట్టు ప్రాణులకు లేదు కదా అని. సాహిత్యవిద్యావధువును సృష్టించి, “అడుగో నీ భర్త, కోపంతో పోతున్నాడు, వెంట వెళ్లి మరల్చు” అని పంపింది. ఆమె అతని వెంట తూర్పు దేశానికి వెళ్లింది, పాంచాలానికి వెళ్లింది, అవంతికి వెళ్లింది, చివరకు దక్షిణానికి వచ్చింది. పోయినచోటల్లా ఆ నేలకు తగిన వేషం కట్టింది, ఆడింది, పాడింది. తూర్పున అతను ఆమెకు లొంగలేదు. అప్పుడు అతని నోట వచ్చింది గౌడీరీతి (రీతి అంటే కావ్యం రాసే శైలి). కొంచెం మెత్తబడ్డాక పాంచాలి, పూర్తిగా వశమయ్యాక వైదర్భి. విదర్భలోని వత్సగుల్మ నగరంలో ఇద్దరికీ గాంధర్వవివాహం జరిగింది. రీతులంటే సమాసాల పొడుగూ పొట్టీ అని పాఠం చెప్పి వదిలేస్తాం. రాజశేఖరుడికి అవి ఒక అలక తీరిన మెట్లు! ఇంత అందమైన కథను తెలుగు పిల్లలకు ఎందుకు చెప్పడం లేదో నాకు అర్థం కాదు.

ఆ లెక్కన సాహితి సరస్వతి కాదు, సరస్వతి కోడలు. పార్వతి కూతురు. మీ మనవరాలికి ఊహ తెలిశాక ఈ సంగతి చెప్పండి.

‘సాహిత్య’ అని కూడా ఆడపిల్లలకు పేరు పెడుతున్నారు. నవ్య, రమ్య, సౌమ్య విశేషణాలు, స్త్రీలింగంలో సహజంగా అమరుతాయి. సాహిత్యం నపుంసకలింగం, ‘ము’ నరికేసి ఆడపిల్లకు పెట్టడం నాకు నచ్చదు. కావ్య అనే పేరు అలాగే స్థిరపడింది కదా అంటే, స్థిరపడినదాన్ని కాదనలేను. కొత్తవాళ్లు అడిగితే మాత్రం సాహితి వైపే మొగ్గుతాను.  

దీర్ఘం సంగతి. విడిగా రాస్తే సాహితి, హ్రస్వమే. సమాసంలో దీర్ఘం: సాహితీసభ, సాహితీమిత్రులు. ‘సాహితి సభ’ అని బ్యానర్లు కట్టేవాళ్లు ఒక్క గుడి మార్చుకుంటే చాలు. పిల్లను పిలిచేటప్పుడు దీర్ఘం దానంతటదే వస్తుంది. ఇంగ్లీషులో తకారానికి టీ పక్కన హెచ్ చేర్చి రాస్తాం. దాన్ని చూసి తిరిగి తెలుగులోకి ఎక్కించేవారు ‘సాహిథి’ చేసేస్తున్నారు. బర్త్ సర్టిఫికెట్‌లో తెలుగు పేరు ఎలా పడిందో ఇప్పుడే చూసుకోండి, స్కూల్లో చేర్చాక దిద్దించడం కష్టం.